మబ్బెక్కిన మేకపిల్ల

మా వాడలో ఎవరైనా అలిగితే అలిగిండు అనరు, ‘మబ్బెక్కిండు’ అంటారు. కోడలు మబ్బెక్కి తల్లిగారింటికి పోతుంది. బువ్వ వద్దని మూతి ముడిచిన పిల్లగాణ్ణి ‘ఏందిరా మబ్బెక్కినవ్, దిగు దిగు’ అని బుదరకించి బుజ్జగిస్తారు. ఈ మాట ఏ నిఘంటువులోనూ లేదు. నేను తెలుగు టీచర్ని, ఇప్పుడు హెడ్మాస్టరమ్మను కూడా, కాబట్టి వెతికే చెబుతున్నాను. ప్రజ్ఞాపూర్ దాటితే ఎవరికీ అర్థం కాదు. బీఎడ్ చదివే రోజుల్లో హైదరాబాదులో ఒక స్నేహితురాలిని ‘ఎందుకే మబ్బెక్కినవ్’ అని అడిగితే, ఆ మహాతల్లి తలెత్తి ఆకాశం కేసి చూసింది.

ఆ మాట పుట్టింది ఒక కార్టూన్ రీలులోంచి. దాన్ని మా సిద్దిపేటకు చూపించినవాడు మా బాపు, అంటే మా నాన్న.

మాది మగ్గం నేసే ఇల్లు. మా బాపుకు మగ్గం గుంటలో కూర్చోవడమంటే చిన్నప్పటి నుంచీ గిట్టదు. టాకీసులో ఆపరేటర్ ఉద్యోగం ఖాళీగా ఉందని తెలిసి పోయి నిలబడ్డాడు. ‘నీకేమొచ్చురా’ అని ఓనరు అడిగితే, ‘తెగిన పోగు అతుకుడు వచ్చు’ అన్నాడట. అది వచ్చినవాడికి తెగిన రీలు అతకడం ఎంత పని అని ఓనరు అప్పుడే పెట్టుకున్నాడు. అలా సాలోళ్ల పిలగాడు కాస్తా ఊరికి బొమ్మ వేసే మనిషి అయ్యాడు.

ఇప్పటి పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో సినిమా అంటే తగరపు పెట్టె. అది హైదరాబాదు నుంచి బస్సు మీద వచ్చేది. ఒక్కోసారి కండక్టరు నిద్రమత్తులో ప్రజ్ఞాపూర్‌లోనే దింపేసేవాడు, ఒక్కోసారి అసలు ఎక్కించుకునేవాడే కాదు. ఇక్కడ టాకీసు నిండా జనం, ఈలలు, బీడీ పొగ. పెట్టె మాత్రం రాలేదు. అలాంటప్పుడు మా బాపు ఆ కార్టూన్ వేసేవాడు. ఏ సినిమాతో పాటు వచ్చిందో ఏమో, దాన్ని ఎవరూ తిరిగి అడగలేదు, ఓనరు ఇవ్వలేదు. పెట్టె ఇంకా రాకపోతే చుట్టి మళ్ళీ అదే వేసేవాడు. అందుకే ఊళ్ళో సగం మందికి ఎక్కాలు రాకపోయినా ఆ కార్టూన్ మాత్రం నోటికి వచ్చు.

కథ పెద్దదేం కాదు. తల్లిమేక బట్టలు ఉతికి దండెం మీద ఆరేస్తుంటుంది. పిల్లమేక ఆరేసిన పెద్ద అంగీలోకి దూరి ఆడుతుంటుంది. తల్లి వచ్చి చెంప మీద ఒక్కటి పీకుతుంది. అంతలో గాలి లేస్తుంది. అంగీ బుడగలా ఉబ్బి పిల్లను లేపుకుపోతుంది. కొండలు, ఊళ్ళు, సముద్రం దాటించి, చివరకు ఒక మబ్బు మీద కూర్చోబెడుతుంది. పిల్ల అక్కడే ముడుచుకుని పడుకుంటుంది. బొమ్మ ఖతం. దెబ్బ తిన్న పిల్ల మబ్బెక్కింది, మళ్ళీ దిగలేదు. మా అవ్వ, అంటే మా అమ్మ, నా మీద చెయ్యెత్తినప్పుడల్లా పక్కింటి ముసలమ్మ అడ్డం వచ్చి ‘కొట్టకు పొల్లా, మబ్బెక్కుతది’ అనేది. మా వాడలో ఎందరి వీపులనో ఆ మేకపిల్ల కాపాడింది.

దాని గుణాల గురించి నన్నడగండి, చెబుతాను. ఆ అంగీలోకి గాలి దూరే తీరు చూడాలి. ముందు చేతులు, తర్వాత కడుపు, ఆఖరుకు కాలరు ఉబ్బుతాయి. అది గీసినవాడెవడో గాని దండెం కింద నిలబడి బట్టలను చూసినవాడు. మాటలు లేవు, ఉన్నదంతా సంగీతమే. పిల్ల చెవి కదిలితే పిల్లనగ్రోవి, తల్లి నడిస్తే డోలు. మాటలు లేవు కాబట్టే నేల క్లాసుకు కూడా పూర్తిగా అర్థమయ్యేది. అడుగడుగునా అరిచి చెప్పే ఇప్పటి కార్టూన్లు చూస్తే నాకు తలనొప్పి లేస్తుంది.

దోషాలూ ఉన్నాయి, దాచను. పిల్ల ఎగురుతుంటే కింద ఒకటే చెట్టు మళ్ళీ మళ్ళీ వస్తుంది. గీసే ఓపిక లేక దాన్నే తిప్పారన్నమాట. నేల క్లాసువాళ్ళు మాత్రం ‘మల్ల గాడికే వచ్చింది, తొవ్వ తప్పింది పాపం’ అని జాలిపడేవాళ్ళు. ఇంకో చోట మన దేశం వస్తుంది. అది గీసిన తెల్లదొరలకు మన దేశమంటే ఏముంటుంది? ఎముకలగూడు లాంటి ఒక తలపాగా మనిషి, బుట్టలో పాము. మనల్ని వెక్కిరించడానికే పెట్టారు. సిద్దిపేటలో ఆ తలపాగా కనబడగానే ‘మనోడే, మనోడే’ అని ఈలలు, చప్పట్లు, చిల్లర విసురుడు. తిట్టినా కూడా మనల్నే తిట్టాడు కదా అని మురిసిపోయే జాతి మనది.

ఇదంతా పాత ముచ్చట. ఆ టాకీసును కూలగొట్టి అక్కడ ఫంక్షన్ హాలు కట్టారు. మా బాపు ముసలివాడై నాతోనే ఉంటున్నాడు. అవ్వ పోయిన తర్వాత మాట తగ్గిపోయింది. పొద్దంతా గోడ కేసి చూస్తూ కూర్చుంటాడు. పాత పనివాళ్ళు ఒకరొకరే పోయారు. బాపు ఆపరేటర్ అని ఊరు ఎప్పుడో మరిచిపోయింది. ఒక్కోసారి బాపే మరిచిపోయాడేమో అని నాకు భయం వేసేది.

అలాంటి రోజుల్లో మా ఊళ్ళో ఒక సినిమా సంఘం పుట్టింది. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, ఒక్క సినిమా అయినా వేయకముందే అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, గౌరవ సలహాదారులు తయారయ్యారు. కార్యదర్శి బట్టల దుకాణం ఆయన. ఒకరోజు మా ఇంటికి వచ్చి, చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టాడు.

“మేడం, మన ఊరి పాత కార్టూన్ దొరికిందట. ఫంక్షన్ హాల్ల వేస్తున్నం. గదే జాగల మన బాపుకు శాలువా కప్పుతం.”

బాపు గోడ మీది నుంచి కళ్ళు తిప్పాడు. “మేకపిల్లనా?” అన్నాడు.

“అవ్ బాపూ, గదే.”

ఆ రోజు నుంచి మా ఇంట్లో వేరే మనిషి తిరగసాగాడు. తెల్లంగీ ఇస్త్రీ చేయించమన్నాడు. చేయించిన దాన్ని మడత సరిగ్గా లేదని మళ్ళీ పంపించాడు. మంగలిని ఇంటికి పిలిపించాడు. పాలవాడికి, కరెంటు బిల్లు కొట్టేవాడికి, అడిగినా అడగకపోయినా ‘నాకు శాలువా కప్పుతున్రు’ అని చెప్పాడు. నాకు ఒక్కటే కోరిక పట్టుకుంది. ఆ రోజు మా బాపు తలెత్తుకుని ఇంటికి రావాలి. అంతకు మించి ఆ సంఘంతో నాకు పని లేదు.

సభ దగ్గర పడ్డాక కార్యదర్శి దుకాణంలోనే అసలు సంగతి బయటపడింది. సభకు హైదరాబాదు నుంచి ఒక విమర్శకుడు వస్తున్నాడు. పుట్టింది సిద్దిపేటలోనే. చిన్నప్పుడు మా టాకీసులో ఆ కార్టూన్ చూసి, పెద్దయ్యాక దాని ముగింపు మీద పెద్ద వ్యాసం రాశాడు. పిల్ల మబ్బు మీదనే ఉండిపోవడం తల్లి అధికారం మీద తిరుగుబాటు అని, కథను మూయకుండా వదిలేయడం గొప్ప ధైర్యమని అందులో పొగిడాడు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో అసలు ప్రింటు చూశాడు. అందులో ముగింపు వేరేగా ఉంది. పిల్ల దిగి వస్తుందట. దెబ్బ ముందు కాదు, దిగి వచ్చిన తర్వాత పడుతుందట.

“మన టాకీసుల ముక్కలు ఎనుకాముందు అతికిచ్చిన్రట మేడం,” అన్నాడు కార్యదర్శి సంబరంగా. “ఆపరేటర్ తప్పు. సారు గదే బయటపెడుతడు. మస్తుగుంటది ప్రోగ్రాం.”

“ఆ ఆపరేటర్ ఎవరు?”

“ఎవలో పాతాయన...” అని ఆగిపోయాడు. చేతిలోని మీటరు కట్టె కింద పెట్టాడు.

“నోరు ఆగిపోయిందేం? చెప్పు. శాలువా కప్పేది ఎవరికి, తప్పు పట్టేది ఎవరిని?”

“అయ్యో మేడం, గరం గావద్దు. శాలువా ముంగట కప్పుతం. తప్పు తర్వాత చెప్తడు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళికి పిలిచి విస్తరి ముందు నుంచి లేపినట్టుంది వ్యవహారం. ప్రోగ్రాం మార్చమన్నాను. పాంప్లెట్లు పంచేశామన్నాడు. సారును ఆపమన్నాను. సారు ఎవరి మాటా వినడన్నాడు. ఎవరి మాటా వినని సారు, తన పాత మాటను మాత్రం ఎంత చక్కగా మరిచిపోయాడు! నిన్నటి దాకా తిరుగుబాటు, ధైర్యం. నేడు ఆపరేటర్ తప్పు. గుణమైనంత కాలం అది సినిమాది, దోషం కాగానే మా బాపుది.

చివరకు ఒక ఒప్పందానికి వచ్చాం. శాలువా కప్పగానే నేను బాపును తీసుకుని వెళ్ళిపోతాను. ఆ తర్వాత వాళ్ళు ఏం తిట్టుకున్నా మాకు వినబడదు. బాపుకు ఇదేమీ చెప్పలేదు. ఇస్త్రీ అంగీని తలాపున పెట్టుకుని పడుకునే మనిషికి ఏ నోటితో చెప్పను?

సభ రోజున హాలు నిండింది. సగం మంది ముసలివాళ్ళు, మిగతా సగం వాళ్ళను బండి మీద తెచ్చినవాళ్ళు. ముందు వరుసలో మా పాత వాడ ఆడవాళ్ళు, వాళ్ళ వెనక నా దగ్గర చదువుకున్న పిల్లలు, వాళ్ళ పిల్లలు. అధ్యక్షుడు మాట్లాడాడు, ఉపాధ్యక్షులు మాట్లాడారు, ఆ గొప్ప ముగింపు మీద విమర్శకుడు సారు రాసిన వ్యాసాన్ని తలా కాస్త పొగిడారు. ఆఖరుకు బాపుకు శాలువా కప్పారు. ఫోటో సరిగ్గా రాలేదని తీసి మళ్ళీ కప్పారు. బాపు రెండుసార్లూ కొత్తగానే మురిశాడు.

నేను చెయ్యి పట్టుకున్నాను. “బాపూ, పోదాం పా. నీకు అలుపు వస్తది.”

“ఎటు?”

“ఇంటికి.”

నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. “బొమ్మ పడకముందే పోతరా బిడ్డా ఎవలన్న?” అని పోయి ముందు వరుసలో బైఠాయించాడు. మనిషిని లాగుదామంటే హాలంతా చూస్తోంది. నేనూ పక్కన కూలబడ్డాను.

లైట్లు ఆర్పారు. లాప్‌టాప్ నుంచి బొమ్మ పడింది. తల్లిమేక బట్టలు ఆరేసింది. పిల్ల అంగీలోకి దూరింది. హాలంతా చెంపదెబ్బ కోసం ఎదురుచూసింది. దెబ్బ పడలేదు. గాలి లేచింది, అంగీ ఉబ్బింది, పిల్ల ఎగిరిపోయింది.

“ఏయ్, కొట్టుడేది?” అని వెనక నుంచి ఒక ముసలాయన.

“కొట్టకుండనే మబ్బెక్కిందా? గిదెక్కడి అన్యాలం!”

“ముక్క ఎగిరిపోయింది! ఓ ఆపరేటరూ!”

అంతే, ఈల పడింది. ఇంకొకటి. హాలంతా నేల క్లాసు అయిపోయింది. “ఆపరేటర్! ఓ ఆపరేటర్!” అని చప్పట్లు, కుర్చీలు కొట్టుడు. నా పక్కన కుర్చీ కిర్రుమంది. మా బాపు లేచి నిలబడ్డాడు. శాలువా జారుతోంది, దాని మీద ధ్యాస లేదు. “ఆగున్రి, ఆగున్రి, కలుపుతున్న” అంటూ లాప్‌టాప్ వైపు నడుస్తున్నాడు. ఉద్యోగం వదిలి ఇన్నేళ్ళైనా ఊరు అరిస్తే ఆయనకు కాలు ఆగలేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లాప్‌టాప్ పట్టుకున్న పిల్లవాడు హడలిపోయి దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాడు.

బొమ్మ ఆగలేదు. తలపాగా మనిషి వచ్చాడు, ‘మనోడే’ అని ముసలి చేతులు చప్పట్లు కొట్టాయి. పిల్ల మబ్బు మీద కూర్చుంది. ఇక ఖతం అనుకుని కొందరు లేవబోయారు. అప్పుడు మబ్బు కరిగింది. పిల్ల వాన చినుకులతో పాటు జారుతూ జారుతూ వచ్చి తమ ఇంటి దండెం మీదే పడింది. తల్లి ఉరికొచ్చి చెంప మీద ఒక్కటి పీకింది. ఆ వెంటనే దగ్గరికి తీసుకుని, గట్టిగా పట్టుకుంది.

లేవబోయినవాళ్ళు మళ్ళీ కూలబడ్డారు. ఆ పట్టుకోవడం ఆ హాల్లో మేమెవరం చూసి ఎరగం. దెబ్బ ఒక్కటే చూసి ముసలివాళ్ళమయ్యాం అందరం. మా పాత వాడ ముసలమ్మ ఒకామె కొంగుతో కళ్ళు ఒత్తుకుని “మరి గట్ల చెప్పలేదు గదా మాకు” అంది.

అప్పుడు విమర్శకుడు మైకు అందుకున్నాడు. గంభీరంగా గొంతు సవరించుకున్నాడు.

“మిత్రులారా, ఇదీ అసలు చిత్రం. మనం చూసింది వికృతమైన ప్రతి. తల్లి ప్రేమను కత్తిరించి పారేసిన ప్రతి. ఒక బాధ్యత లేని ఆపరేటర్ అజ్ఞానం వల్ల రెండు తరాలు తప్పుడు కథను నమ్మాయి.”

అన్ని తలలూ మా బాపు వైపు తిరిగాయి. ఆయన తెర ముందే నిలబడి ఉన్నాడు. దొంగతనంలో పట్టుబడినవాడిలా శాలువా కొస నలుపుతున్నాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకామె. ఆ విమర్శకుడు అన్నందుకు కాదు, వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు, దానికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్టేజి ఎక్కి ఆ మైకు గుంజుకుని నాలుగు మాటలు అందామని లేచాను.

నాకన్నా ముందు బాపే చెయ్యి చాపాడు. “జర గది ఇటియ్యి సారూ.”

విమర్శకుడు ఇవ్వక తప్పలేదు. బాపు మైకును బ్యాటరీ లైటు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

“అతికిచ్చింది నేనే. తప్పు అతికిచ్చిన, కాదంట లేను. వచ్చిన కొత్తల బొమ్మ గిట్లనే ఉండె. రెండు మూడు ఆటలు గిట్లనే ఆడింది. ఒకనాడు రీలు చుడ్తున్న. ఆఖరు ముక్క కింద కుప్ప వడి ఉన్నది. మా ఇంటామె సద్ది తెచ్చింది, సంకల పిల్ల. పిల్లను కిందికి దించి నాకు బువ్వ వెడ్తున్నది. గా పిల్ల రీలు మీద కూసుండి ఉచ్చ వోసింది.”

హాల్లో ఎవరో పగలబడి నవ్వారు. బాపు ఆగలేదు. ఎన్నో నెలలుగా ఇన్ని మాటలు వరసగా నేను వినలేదు.

“రీలు తడిసింది. రంగు ఊడివస్తున్నది. కోసి తాడు మీద ఆరేసిన, అంగీలు ఆరేసినట్టు. మబ్బు మీదికెల్లి దిగుడు ఖరాబైంది, దగ్గరికి తీసుకునుడు ఖరాబైంది. కొట్టుడొక్కటే మంచిగ మిగిలింది. ఇవుతల గంట కొట్టిన్రు, జనం లొల్లి. ఏ ముక్క యాడిదో గుర్తు లేదు, చేతికి దొరికినట్టు అతికిచ్చిన. ఓనరు అడిగితే గట్లనే వచ్చిందని చెప్పిన. చెప్పకుంటే కొలువు వోతుండె.” విమర్శకుడి వైపు తిరిగాడు. “మీరేమో గొప్ప ముగింపని రాసిన్రట సారూ. మా ఇంటామె వింటే మురుస్తుండె.”

నవ్వులకు హాలు పైకప్పు ఎగిరిపోయింది. విమర్శకుడు మంచినీళ్ళ సీసా మూత తిప్పుతూ ఉన్నాడు, అది ఎంతకీ రావడం లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది ఆయన పని. బాపు గెలిచాడు. ఇక పోదాం అనుకున్నాను.

అప్పుడే వెనక నుంచి నా పాత విద్యార్థి ఒకడు, పదో తరగతిలో నా చేత గోడకుర్చీ వేయించుకున్నవాడు, లేచి అడిగాడు. “తాతా, గా ఉచ్చ వోసిన పిల్ల ఎవలు?”

“ఇంకెవలు? నాకున్నది ఒక్కతే బిడ్డ. గిదో, మీ హెడ్మాస్టరమ్మ!” అని బాపు మైకుతోనే నన్ను చూపించాడు.

నా గతి ఏం చెప్పను! నేను గట్టిగా చూస్తే పిల్లలు బెంచీల కింద దూరే బడి మాది. ఆ పరువంతా ఒక్క మాటతో ఆ రీలు తోవనే పోయింది. మునిసిపాలిటీ నుంచి వచ్చినాయన నవ్వుతున్నాడు, మా డ్రిల్లు మాస్టారు కుర్చీ మీద వాలిపోయి నవ్వుతున్నాడు. ఊరు ఊరంతా మాట్లాడుకునే మాట ఒకటి నా వల్ల పుట్టిందట, అదీ ఈ విధంగా. నిఘంటువులో దీని వ్యుత్పత్తి ఎలా రాస్తారో రాయండి.

తల వంచుకుని నిలబడ్డాను. ముందు వరుసలోంచి పాత వాడ ముసలమ్మ అరిచింది. “టీచరమ్మా, మబ్బెక్కకు!”

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల మధ్య బాపు మెల్లగా నా దగ్గరికి నడిచి వచ్చాడు. పెద్దయ్యాక నన్ను ఎన్నడూ తాకి ఎరగడు మా బాపు. మా ఇళ్ళలో ఆ అలవాటు లేదు. భుజం మీది శాలువా తీశాడు. మడత విప్పి, నా వీపు చుట్టూ కప్పి, రెండు కొసలూ ముందుకు లాగి గట్టిగా పట్టుకున్నాడు.

“సగం కటింగు నీదే గదా బిడ్డా,” అన్నాడు.

మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఆ మాట హాలంతా వినబడింది.